బావ పెట్టెలోని దొర

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి నడుం వాల్చానో లేదో, వరండాలో మనవడి ఫోనులోంచి ఎవరో ఆడగొంతు ‘చీ’ అంది, కాసేపటికి ‘పోన్’ అంది, ఆ వెనకే వాడు దొర తన చేతికే వచ్చిందని మురిసిపోయాడు. నేనెందుకు దిగ్గున లేచి కూర్చున్నానో వాడికి తెలియదు; మిషను కాంపౌండు పక్కన పెరిగిన నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో కొత్తగా టీచరునయ్యాను. శనివారం ఒంటిపూట బడి కాగానే బస్సెక్కి ఆళ్లగడ్డలో మా అక్క ఇంటికి వెళ్లేదాన్ని. బావ సరుకుల ఓడలో వంటవాడుగా తిరిగి, జపాను రేవుల్లో నెలల తరబడి ఉండి, చివరికి ఒక చెక్కపెట్టెతో ఇల్లు చేరాడు. నేను వెళ్లేసరికి తలుపు దగ్గరగా వేసి ఉండేది. లోపల బావ, అక్క, ఆసుపత్రి కాంపౌండరు, ఆయన భార్య. మంచివాళ్లకు పట్టపగలు తలుపుతో పనేమిటని నా అనుమానం. నా ప్రార్థనకంటే పక్కవాళ్ల ప్రార్థన మీదే నాకు ఎక్కువ ధ్యాస ఉన్న రోజులవి.

ఒక శనివారం చెవి ఒగ్గి విన్నాను. కాంపౌండరు ‘చీ’ అన్నాడు. అక్క ‘పో’ అంది. అప్పుడు బావ గొంతు, నవ్వుతూ: “ఈసారి దొరను నేనే పడేస్తా సూడండి.”

మనకు దొర అంటే ఒక్కరే గదా, బడి పెట్టి, బాప్తిస్మమిచ్చి, మన తాతలకు చదువు చెప్పిన మిషను దొర. ఆయన పేరును ఛీత్కరించి, ఆయన నిలబెట్టినదాన్ని పడదోసే కుట్ర ఏదో మా అక్క ఇంట్లోనే జరుగుతోందని నమ్మి, ఆ సాయంత్రమే వెళ్లి పాస్టరయ్యగారికి చెప్పాను.

మర్నాడు నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారం. బావ బల్ల ముందు మోకరించి రెండు చేతులూ చాచాడు. అయ్యగారు రొట్టె పళ్లెంతో ఆయన్ని దాటి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఆ చేతులు కాసేపు అలాగే ఉండి, మెల్లగా కిందికి దిగాయి.

ఆ మధ్యాహ్నమే అయ్యగారు విచారణకు ఇంటికి వచ్చారు. బావ పెట్టె తెచ్చి చాప మీద కుమ్మరించాడు. చుక్కలు, గీతలు, చీనా అక్షరాలు చెక్కిన తెల్లటి బిళ్లలు, గెలుపోటములు గుర్తుపెట్టుకోవడానికి గుప్పెడు శనగలు. ఒక బిళ్ల తిరగేసి చూపించాడు.

“దొర అంటే మనిషి కాదయ్యగారూ, జపానోళ్ల ఆటలో మాట. ఈడ నాలుగో అంకె బిళ్ల తేలితే, దాని తర్వాతి ఐదో అంకె బిళ్ల ఆ ఆటకు దొర. అది చేతిలో ఉండి గెలిస్తే విలువెక్కువ.”

“మరి చీ అంటాండేది ఎవరినప్పా?”

పక్కవాడు పడేసిన బిళ్ల మన వరసలో కుదిరితే చీ అని తీసుకోవాలనీ, ఒకే రకం మూడు కుదిరితే పోన్ అనాలనీ బావ చెప్పాడు. అక్క మాత్రం కొంగు అడ్డం పెట్టుకుంది. “ఆటలో చీ అని తీసుకుంటాడయ్యగారూ, నా కూరకైతే చీ అని పక్కకు తోస్తాడు.”

అయ్యగారు నవ్వేశారు. అప్పుడు బావ ఇంకొక కట్టడి కూడా చెప్పాడు: తాను ఒకసారి పారేసిన బిళ్లను తర్వాత ఎవరు వేసినా, దాంతో గెలిచానని అనకూడదట. చెబుతూ బావ నావైపు చూడలేదు. చూడకపోవడంతోనే ఆయనకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఈ మాట ఎవరు మోశారని ఎవరూ అడగలేదు. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను పిల్లలకు నేర్పే నేను నోరు విప్పలేదు.

మరుసటి నెల బావకు రొట్టె అందింది. కాంపౌండరు దంపతులు మాత్రం భయపడి మళ్లీ రాలేదు. ఆటకు నలుగురు కావాలి, మరొకరెవరో దొరుకుతారు, నువ్వూ కూర్చో మరదలా అని బావ ఒకసారి పిలిచాడు. అప్పటికీ నాకు అనుమానం తీరలేదు, పరీక్ష పేపర్లు దిద్దాలన్నాను. పెట్టె అటకెక్కింది, బావ పోయాక ఏమైందో తెలియదు.

ఇప్పుడు అదే ఆట ఆడే మనవడికి మనుషులతో పని లేదు, మిగతా ముగ్గురినీ ఫోనే తెచ్చి కూర్చోబెడుతుంది. తలుపు బార్లా తీసే ఉన్నా, ఎవరేమంటున్నారో ఆగి వినేవాళ్లూ లేరు, ఆడదాం రమ్మని పిలిచేవాళ్లూ లేరు.

కావలసిన బిళ్లే పడింది, గెలుపు మాత్రం ఇవ్వడం లేదని మనవడు విసుక్కున్నాడు. ముందు నువ్వు పారేసినవి చూసుకో నాయనా అన్నాను. వాడు చూసి, అవునమ్మమ్మా, ఇంతకు ముందు నేనే పారేశాను, నీకెట్లా తెలుసని అడిగాడు.