మొదటి పేరు దగ్గర దగ్గు

అప్పటికి సీరెల్ మింట్స్ మా యూదుల బడి ఆఫీసులో చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆమెకో కుర్చీ ఉండేది. అందులో పిల్లలు మరిచిపోయిన ఉన్ని టోపీలు ఉండేవి. ఆమె నిలబడే టైపు కొట్టేది.

పొట్టి మనిషి. గోధుమరంగు విగ్గు. మంచు కురిసే రోజున విగ్గు మీద ప్లాస్టిక్ సంచి. గాజు గ్లాసులో నిమ్మకాయ ముక్క వేసిన టీ పక్కనే ఉండేది, ఎప్పుడూ చల్లారిపోయి. పిల్లలకు ఆమె అంటే భయం. టీచర్లకు ఇంకా భయం. మా ప్రిన్సిపాల్, మతగురువు రబ్బీ ఫైవెల్ ఓస్ట్రోఫ్ ఇదే బడిలో చదివాడు. రెండో తరగతిలో ఆయన తలలో పేలున్నాయని ఇంటికి పంపింది సీరెలే. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు.

పొద్దుటి ప్రార్థన అయ్యాక రబ్బీ జబ్బుపడ్డవాళ్ళ పేర్లు చదువుతాడు. ఇంటిపేర్లు ఉండవు. తల్లి పేరు, మనిషి పేరు, అంతే. తర్వాత మూడు వందల మంది పిల్లలు వాళ్ళ ఆరోగ్యం కోసం ఒక కీర్తన చెబుతారు. ఆ పేర్ల జాబితా సీరెల్ చేతిలో ఉండేది.

దానికి ఆమె నియమం ఒకటి పెట్టింది. పేరు ఎవరైనా చేర్పించవచ్చు. తీసెయ్యాలంటే మాత్రం జబ్బుపడ్డ మనిషే తన నోటితో, నయమైంది అని చెప్పాలి. భార్య చెబితే చెల్లదు. డాక్టరు చెబితే అసలే చెల్లదు.

జబ్బు చేసినప్పుడు అందరూ ఫోన్ చేస్తారు. నయమయ్యాక ఎవరూ చెయ్యరు. ఆ చలికాలానికి జాబితాలో రెండు వందల పద్నాలుగు పేర్లు ఉన్నాయి. చదవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. ఒకటో తరగతి పిల్లలు మధ్యలో నిద్రపోయేవారు.

చనిపోయినవాళ్ళ పేర్లు ఆమె ఎప్పటికప్పుడు కొట్టేసేది. శ్మశానం నుంచి నేరుగా ఆఫీసుకు వచ్చి, కోటు విప్పకుండానే కొట్టేసేది. ఒక్క పేరు తప్ప.

జాబితాలో మొదటి పేరు పెస్యా కొడుకు నాహుమ్. సీరెల్ భర్త. మూత్రపిండాలు చెడి మూడేళ్ళ కిందట పోయాడు.

అప్పుడు ఆమె మా ఆచారం ప్రకారం ఏడు రోజులు సంతాపంగా ఇంట్లో పొట్టి పీట మీద కూర్చుంది. ఎనిమిదో రోజున బడికి వచ్చి, జాబితా కొత్త కాగితం మీద టైపు చేసి, రబ్బీ చేతిలో పెట్టింది. పైన నాహుమ్ పేరు అలాగే ఉంది.

"మింట్స్ గారూ," అన్నాడు రబ్బీ.

"ఏం?"

"ఏం లేదు."

"ఆయన నాతో ఏమీ చెప్పలేదు," అంది సీరెల్. "చెప్పనిదే తియ్యను."

చనిపోయిన మనిషికి ఆరోగ్యం ఇమ్మని దేవుణ్ణి అడగకూడదు. సీరెల్ మింట్స్‌ను కాదనకూడదు. రబ్బీ ప్రార్థన గదిలో కాగితం విప్పాడు. మొదటి పేరు చూశాడు. దగ్గాడు. రెండో పేరు చదివాడు.

మొదటి వారం పిల్లలు ఆయన వంక చూశారు. రెండో వారం వెనక వరసవాళ్ళు కూడా దగ్గారు. నెల తిరిగేసరికి అందరూ దగ్గుతున్నారు. ఆ తర్వాత బడిలో చేరిన పిల్లలకు అది ప్రార్థనలో ఒక భాగం. ఒక పిల్లాడి తండ్రి వచ్చి, మా ఇంట్లో ఉన్న ప్రార్థన పుస్తకంలో ఈ దగ్గు లేదు, ఏ పుస్తకం కొనాలి అని అడిగాడు.

ప్రార్థన గది తలుపు ఆఫీసులోకి తెరుచుకుంటుంది. మూడు వందల గొంతులు ఒక్కసారి దగ్గడం సీరెల్ రోజూ వినేది.

"క్లీవ్‌లాండ్ గాలి," అనేది. వేసవిలో కూడా అదే అనేది.

ఆ జనవరిలో నేను పాఠాలు చెప్పే నాలుగో తరగతిలో ఫ్రేడెల్ అనే పిల్లకు కోరింత దగ్గు వచ్చింది. మూడు రోజుల్లో ఇంకో ఇద్దరికి వచ్చింది. మేం ఆరోగ్యశాఖకు తెలియజేశాం. వాళ్ళ దగ్గర నుంచి ఫ్యాక్స్ వచ్చింది. మీ దగ్గర నమోదైన రోగుల జాబితా వెంటనే పంపండి, అని. సీరెల్ తన జాబితా పంపింది. ఫ్యాక్స్ యంత్రం వేడెక్కి వాసన వచ్చింది.

మర్నాడు బుధవారం. ఎనిమిదిన్నరకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పేరు క్విన్లన్. పొడుగాటి మనిషి. తలుపు పిడిని రుమాలుతో పట్టుకుని తెరిచాడు.

"మేడమ్, ఈ జాబితా ప్రకారం మీకు రెండు వందల పద్నాలుగు మంది రోగులు."

"తెలుసు నాయనా. నేనేగా టైపు చేసింది."

"బడిలో పిల్లలే మూడు వందల మంది."

"చాలు. తలా ఒక రోగి వచ్చినా ఇంకా ఎనభై ఆరుగురు పిల్లలు మిగులుతారు."

క్విన్లన్ కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఎవరికీ ఇంటిపేరు లేదేం?"

"ఆయనకు ఇంటిపేర్లు అక్కర్లేదు. తల్లి పేరు చెబితే గుర్తుపడతాడు."

"ఎవరాయన? ఈ పేర్లు ఎవరికి వెళతాయి?"

సీరెల్ వేలితో పైకి చూపించింది. క్విన్లన్ పుస్తకంలో 'పై అంతస్తు' అని రాసుకున్నాడు. మెట్లెక్కి వెళ్ళాడు. పైన మూడో తరగతి గది, చీపుర్లు పెట్టుకునే గది ఉన్నాయి. రెండూ చూసి దిగి వచ్చాడు.

"పైన ఎవరూ లేరు," అన్నాడు.

"అలా అనేవాళ్ళు చాలామందే ఉన్నారు," అంది సీరెల్.

అప్పుడే పక్క గదిలో రబ్బీ కాగితం విప్పాడు. ఆయన దగ్గాడు. మూడు వందల మంది దగ్గారు.

క్విన్లన్ గోడకు ఆనుకున్నాడు. రుమాలు ముక్కు మీదికి వెళ్ళింది. రబ్బీ ప్రశాంతంగా రెండో పేరు చదువుతున్నాడు.

"మళ్ళీ దగ్గుతారా?" అని క్విన్లన్ నన్ను అడిగాడు.

"రేపు," అన్నాను.

పదింటికి బడి మూసేశారు. పిల్లలు సంతోషంగా ఇళ్ళకు పోయారు. క్విన్లన్ మా ముగ్గురి ముందూ ఒక ఫారాల కట్ట పెట్టాడు. ప్రతి పేరుకూ మూడు గడులు. జబ్బుగా ఉన్నారు. కోలుకున్నారు. జిల్లా వదిలి వెళ్ళారు. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు పడాలి. ఒక్క పేరు మిగిలినా బడి ఇరవై ఒక్క రోజులు మూత.

రబ్బీ నేల చూస్తూ అడిగాడు. "చనిపోయినవాళ్ళకు గడి లేదా?"

"ఈ జిల్లాలో కోరింత దగ్గుతో ఎవరూ చనిపోలేదు. అందుకని పెట్టలేదు."

"ఎందుకడిగావు, ఫైవెల్?" అంది సీరెల్. బయటివాళ్ళ ముందు ఆమె ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"ఊరికే."

రెండున్నర రోజులు ఫోన్లు చేశాం. నేను నంబరు తిప్పేదాన్ని. సీరెల్ మాట్లాడేది. రబ్బీ టీ కాచేవాడు. బాగా కాచేవాడు కాదు.

ఇజ్రాయెల్‌లోని హైఫాలో తుంటి విరిగిన ముసలాయన దొరికాడు. విరిగి తొమ్మిదేళ్ళయింది.

"తుంటా? పోయిన వారం మనవడి పెళ్ళిలో బల్లెక్కి గెంతాను!"

"అయితే నయమైందని చెప్పండి. పేరు తీసేస్తాను."

"తీసేస్తావా? నన్ను చంపుతావా తల్లీ? అక్కడ మీ పిల్లలు చదువుతున్నారు, ఇక్కడ నేను గెంతుతున్నాను. ఉండనీ."

"జిల్లా వదిలి వెళ్ళారు," అని సీరెల్ నాకు చెప్పింది. నేను గుర్తు పెట్టాను.

పక్క వీధి ఆవిడ ఒకరు తన పేరు జాబితాలో ఉందని అప్పుడే విన్నది.

"ఎవరు రాయించారు? నా కోడలా?"

"ఎవరో చెప్పకూడదు."

"కోడలే. ఏం జబ్బని రాయించింది?"

"జబ్బు రాయం. పేరే రాస్తాం."

"నోటి దురుసుకు రాయించి ఉంటుంది. అది నయం కాలేదని చెప్పు దానికి. నేనే చెప్పానని చెప్పు."

ఆమెను ఏ గడిలో వెయ్యాలో తేల్చడానికి అరగంట పట్టింది. చివరికి కోలుకున్నారు అని పెట్టాం. రబ్బీ మాత్రం ఒప్పుకోలేదు.

శుక్రవారం నాలుగున్నర. బయట చీకటి పడుతోంది. రెండు వందల పదమూడు గుర్తులు పడ్డాయి. నిజంగా జబ్బుగా ఉన్నవాళ్ళు తొమ్మిది మందే. అయిదు దాటి మూడు నిమిషాలకు సబ్బాతు విశ్రాంతి దినానికి దీపాలు వెలిగించాలి. ఆ తర్వాత రేపు రాత్రి దాకా కలం ముట్టుకోకూడదు. క్విన్లన్ ఆఫీసు అయిదింటికే మూస్తారు.

మిగిలిన పేరు అందరికన్నా పైన ఉంది. మూడు రోజులూ మేం దాని కింద నుంచే మొదలుపెట్టాం.

"నేను పెట్టనా గుర్తు?" అన్నాడు రబ్బీ.

"నీ చేతిరాత నాకు తెలుసు. వద్దు."

ఆమె టోపీలు తీసి కిటికీలో పెట్టింది. కుర్చీలో కూర్చుంది. ఆఫీసులో ఆమె కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. రబ్బీ కూడా చూసి ఉండడు. ఇద్దరం లేచి నిలబడ్డాం.

"జబ్బుగా ఉన్నాడా? లేడు," అంది. "అది నిజం. కోలుకున్నాడా?" కలం గడి మీద ఆగింది. "అబద్ధం రాస్తే ఆయనకు కోపం వస్తుంది. చేపల కొట్లో తప్ప ఎక్కడా అబద్ధం ఆడలేదు."

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

"చేపకు వెళ్ళినా చెప్పి వెళ్ళేవాడు, హెన్యా," అంది నా వైపు తిరిగి. "సీరెల్, నేను వెళుతున్నాను, కార్ప్ చేప తెస్తాను అని. తెచ్చేది వేరే చేప. అయినా చెప్పి వెళ్ళేవాడు. ఆ రోజు ఆస్పత్రిలో నేను టీ తెచ్చుకుందామని కిందికి దిగాను. నాలుగు నిమిషాలు. నిమ్మకాయ లేదన్నారు. లేకపోతే పోనీ అన్నాను. పైకి వచ్చేసరికి." ఆమె గ్లాసు వంక చూసింది. "చెప్పకుండా పోయాడు. అదొక్కటే."

రబ్బీ తన గడ్డం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆ క్షణాన దగ్గుతాడేమోనని నాకు భయం వేసింది. దగ్గలేదు.

సీరెల్ మూడో గడిలో గుర్తు పెట్టింది. జిల్లా వదిలి వెళ్ళారు.

రబ్బీ మెల్లగా అన్నాడు. "ఆ గడికి కొత్త చిరునామా రాయాలి, మింట్స్ గారూ."

"పై అంతస్తు అని రాయి. ఆ పెద్దమనిషి చూసి వచ్చాడుగా."

రబ్బీ రాశాడు. నాలుగూ యాభై ఆరుకు ఫ్యాక్స్ వెళ్ళింది. సీరెల్ విగ్గు మీద ప్లాస్టిక్ సంచి కట్టుకుని, దీపాల వేళ దాటుతుందని మమ్మల్ని తిట్టుకుంటూ ఇంటికి నడిచింది.

సోమవారం బడి తెరిచారు. కొత్త జాబితాలో తొమ్మిది పేర్లు. మొదటిది ఫ్రేడెల్‌ది. క్విన్లన్ ప్రార్థన గది గుమ్మంలో రుమాలు పట్టుకుని నిలబడ్డాడు. రబ్బీ కాగితం విప్పాడు. పిల్లలు ఊపిరి తీసుకున్నారు. ఆయన దగ్గలేదు. ఫ్రేడెల్ తల్లి పేరు, ఫ్రేడెల్ పేరు స్పష్టంగా చదివాడు. మూడు వందల నోళ్ళు తెరుచుకుని, ఏం చెయ్యాలో తెలియక, మూసుకున్నాయి.

అప్పుడు ఆఫీసులోంచి ఒక దగ్గు వినిపించింది. ఒకే ఒక్కటి. పొడిగా, పొడుగ్గా.

క్విన్లన్ వెనక్కి తిరిగాడు. "ఎవరది?"

"గొంతులో ఏదో పడింది," అంది సీరెల్.

"దగ్గినవాళ్ళు అయిదు రోజులు మందు వేసుకుని ఇంట్లో ఉండాలి, మేడమ్."

"నాయనా, నేను జబ్బని సెలవు పెట్టి ఎరగను."

"అయిదు రోజులు."

ఆమె వెళ్ళిపోయింది. రబ్బీ జేబులోంచి కలం తీసి, తొమ్మిది పేర్ల కింద పదో పేరు రాశాడు. బాషా కూతురు సీరెల్. దాన్ని గట్టిగా చదివాడు. పిల్లలకు ఆ సీరెల్ ఎవరో తెలియదు. ఆమెకు మింట్స్ గారు అన్నదే పేరనుకునేవారు. అయినా కీర్తన చెప్పారు.

మరుసటి సోమవారం ఆమె తిరిగి వచ్చింది. జాబితా చూసింది.

"కోడి గీకినట్టుంది ఈ రాత," అంది. కొత్త కాగితం పెట్టి పది పేర్లూ టైపు చేసింది.

నెల తిరక్కుండా ఫ్రేడెల్ తనే ఫోన్ చేసి, నయమైంది అని చెప్పింది. ఆ పేరు పోయింది. మిగతావి ఒక్కొక్కటే పోయాయి. కొత్తవి వచ్చాయి. సీరెల్ పేరు ఉంది. రోజూ తనే టైపు చేస్తుంది. నియమం నియమమే. నయమైందని ఆమె తన నోటితో ఇంకా ఎవరికీ చెప్పలేదు.