అవ్వ ఊదుగొట్టం, నా బ్రేకు పైపు

నేను కారును వేరుశనగ కుప్పలోకి తోలిన సంగతి చెబుతాను, వినండి. నవ్వుకోండి, తప్పులేదు. జాలి మాత్రం వద్దు, ఎందుకంటే చివరికి గెలిచింది నేనే.

అరవైల్లో మాట. మా రొద్దం వైపు ప్రతి బావి మీదా ఆయిలింజను దడదడలాడే రోజులు. ఇంజనుకు ఆయిలు పోయే రాగి గొట్టం కారిందంటే అందరూ నాకే కబురు పెట్టేవాళ్లు. గొట్టం మూతిని చిన్న గరాటులా విప్పి నట్టు బిగిస్తే చుక్క కారేది కాదు. అట్లా విప్పడాన్నే ఫ్లేర్ అంటారు. ఈ ఒక్క విద్య వచ్చినందుకు నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

హిందూపురంలో మా మేనమామకు ఒక పాత కారు ఉండేది. దాని డ్రైవరు మానేశాడు. సరిగ్గా అప్పుడే మామ కూతురి పెళ్లి కుదిరింది. ధర్మవరం పోయి పట్టుచీరలు ఎంచాలి, ఆ పెత్తనమంతా మామను కన్న మా అవ్వది. మామ నన్ను పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"అవ్వను పిల్చకపోయి పిల్చకరా. బాగా తోలినాడని ఆమె నోటితో చెప్తే స్టీరింగు నీది. లేదంటే పోయి మడక పట్టుకో."

మడకంటే, అదే నాగలంటే, నాకు ఎంత విరక్తో, స్టీరింగంటే అంత పిచ్చి. నిద్రలో కూడా హారను కొట్టేవాణ్ణి, అడగండి మా ఇంట్లోవాళ్లను.

కారు కిందికి దూరి చూస్తే బ్రేకు పైపు తుప్పు పట్టి కారుతోంది. దాన్ని ఊడబెరికి, ఆయిలింజను రాగి గొట్టం ముక్కకు నా ఫ్లేరు కొట్టి బిగించాను. ఇది బ్రేకుకు తాళుతుందా అని మామ అనుమానంగా అడిగాడు. గొట్టమేదైనా గొట్టమేనని నేను కొట్టిపారేశాను. వాకిట్లో తొక్కి చూస్తే కారు బుద్ధిగా నిలిచింది. పారేసిన ఇనుప పైపును అవ్వ ఏరుకుని, చింతపండుతో తళతళా తోమి సంచిలో వేసుకుంది. పొయ్యి ఊదుకోవడానికట. పెన్సిలంత గొట్టంతో పొయ్యి ఏం మండుతుందని నేను నవ్వాను. నవ్వినవాడి గతి ఏమైందో చూడండి ఇక.

దారి పొడవునా వేరుశనగ పీకుతున్నారు. పచ్చికాయలు తినాలని ఉంది, కారు ఆపమని అవ్వ బతిమాలింది. నేను ఆపలేదు. కొత్త డ్రైవరు దర్జా అట్లాంటిది మరి. పెనుకొండకు ముందు దిగుడులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కాలు సీదా అడుగుకు దిగిపోయింది. మళ్లీ తొక్కితే తొక్కడానికేమీ మిగల్లేదు. గొర్రెలను తప్పించి పక్క చేనులోకి తిప్పాను. పీకిన చెట్లను కుప్ప వేసి ఉన్నారు. కారు ముక్కు దాంట్లో దూరి, ఇంజను ఆగిపోయింది.

వెనక్కి తిరగడానికే భయం వేసింది. అవ్వ ఒడిలో కాయలతో సహా ఒక చెట్టు పడి ఉంది. ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని అంది:

"ఇప్పుడన్నా ఆపినావు. మంచోడివప్పా."

చేను రైతు కట్టె పట్టుకుని వచ్చాడు. ఆయన బావి ఇంజను కారుతోందని తెలిసి, తిరుగుదారిలో బాగుచేస్తానని కాళ్లావేళ్లా పడితే, కట్టె పక్కన పెట్టి ఎద్దులు కట్టాడు. ఎద్దులు లాగుతుంటే, అవ్వ వెనక సీట్లో కాయలు ఒలుచుకుంటుంటే, పెనుకొండలోకి ఊరేగింపుగా ప్రవేశించాం.

లారీ షెడ్డాయన ఇనుప పైపూ పనిముట్లూ ఇచ్చి, ఏ ఫ్లేరు కొడతావని అడిగాడు. ఫ్లేర్లలో రకాలున్నాయని నాకు ఆ పూటే తెలిసింది. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. రాగి గొట్టం మూతి చూస్తే నిలువునా చీలి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది అవ్వ సంచి.

"అవ్వా, ఆ ఊదుగొట్టం ఒకసారి ఇయ్యవా."

"మళ్ల ఇస్తావా?"

"ఇస్తా."

చింతపండు పుణ్యమా అని మూతి అద్దంలా ఉంది. కంపెనీవాళ్లు అంచు లోపలికి మడిచి, మడత మీద విప్పారు. రెండు పొరలు! నా బుర్ర వెలిగింది. ఇంజనులో ఆయిలు దానంతటది జారుతుంది, దానికి ఒక్క పొర చాలు. బ్రేకులో మనిషి బలమంతా ఆ మూతి మీదే పడుతుంది. షెడ్డాయన పైపుకు నేనూ అట్లాగే కొట్టాను. మొదటిది వంకర పోయింది, కోసి పారేశాను. రెండోది పగిలింది. తర్వాతది ఎట్లా కుదిరిందంటే దాన్ని ఇంటికి తీసుకుపోయి పటం కట్టించుకోవాలనిపించింది. బిగించి, బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీసి, అదే దిగుడుకు పోయి అదే బ్రేకు తొక్కాను. అనుకున్న గీత మీద కారు నిలిచింది. ఆ సంతోషంలో నడిరోడ్డు మీద నేను ఎగిరిన ఎగురుడుకు పక్క చేనులో రైతు ఎద్దులు బెదిరాయి.

ధర్మవరంలో చీరలు కొన్నాం. వచ్చేటప్పుడు రైతు ఇంజనుకు నా పాత ఒంటిపొర ఫ్లేరే కొట్టాను, అక్కడ అది బంగారంలా అతికింది. హిందూపురం చేరగానే మామ అవ్వను అడిగాడు, వీడు ఎట్లా తోలాడని.

"ఈని మాదిరి తోలేటోడు యాడా లేడు" అంది అవ్వ. "నీ పాత డ్రైవరు శెనక్కాయలకు రోడ్డు పక్కనన్నా ఆపేటోడు కాదు. ఈడు నన్ను నేరుగా కుప్పలోకే తీసకపోయినాడు."

మామ తాళం నా చేతిలో పెట్టాడు. ఆ కుప్ప కథంతా ఆయన ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తాళం కళ్లకద్దుకుని ఒట్టు పెట్టుకున్నాను. బ్రేకు పైపుకు ఒంటిపొర ఫ్లేరు ఈ జన్మలో కొట్టను. అవ్వ ఆపమంటే, బ్రేకు ఉండగానే ఆపుతాను.