రేకు పగిలిన తర్వాత

తొంభైల్లో ఆటోనగర్‌లో షెడ్లకు రేకులు వేసే పని చేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం పాత సిమెంటు రేకు మీద కాలు పెట్టగానే అది పగిలింది. వెల్లకిలా కింద పడ్డాను. నొప్పి కన్నా, కాళ్ళు నావి కావనిపించడమే ఎక్కువ భయపెట్టింది. వెన్నుపాము దెబ్బతిందనీ, బొడ్డు కింద ఇక స్పర్శ ఉండదనీ డాక్టరు చెప్పారు.

ఇంటికొచ్చిన నెలకు, మంచం మీద నా కుడికాలు దానంతటదే ఎగిరిపడింది. మా అమ్మ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"కాలు కదిలిందిరా! అప్పన్న సామి సూసాడు!"

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాం. అది కండరాలు బిగుసుకుని కొట్టుకోవడమే తప్ప, నేను కదిపింది కాదని డాక్టరు నెమ్మదిగా చెప్పారు. అమ్మ ఏడవలేదు. ఆ తర్వాత మోకాళ్ళు బిగుసుకున్నప్పుడల్లా నూనె రాసి మెల్లగా వంచుతూ, "ఉండండర్రా, అంత తొందరేటి" అని నా కాళ్ళతోనే మాట్లాడేది.

ఒకసారి వేడి టీ గ్లాసు తొడల మధ్య పెట్టుకుని పేపరు చదివాను. సాయంత్రం నా భార్య బొబ్బ చూసింది.

"ఏటిది? కాల్తంటే సెప్పవేటి?"

"తెలిస్తే కదా సెప్పడానికి."

మర్నాడు చేతి అద్దం కొనుక్కొచ్చింది. రోజూ స్నానమయ్యాక వీపు కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో అందులో చూసుకోవడం నా పని. గొట్టంతో మూత్రం తీసుకోవడం నర్సు నేర్పింది. మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత గడ్డం గీసుకున్నంత మామూలైపోయింది.

మా అక్క మొగుడికి మోటార్ల వైండింగ్ కొట్టు ఉంది. ఏడాదిన్నర తర్వాత వచ్చి, "బామ్మర్దీ, రాగితీగ సుట్టడానికి కాళ్ళెందుకు? నా పక్కన కూకో" అన్నాడు. నా చక్రాల కుర్చీకి సరిపోయేలా బల్ల ఎత్తు తగ్గించాడు. పుండ్లు పడకుండా మధ్యమధ్య చేతుల మీద ఒళ్ళు పైకెత్తుకుంటూ పని నేర్చుకున్నాను.

ఒక ఐసు ఫ్యాక్టరీ ఆసామి నెలల తరబడి మోటార్లు తెచ్చేవాడు. నన్నెప్పుడూ బల్ల వెనకే చూశాడు. ఒకరోజు వీధిలోంచి కేకేశాడు.

"మేస్త్రీ, ఓపాలి లేసొచ్చి ఈ మోటారు సూడు!"

బావ ముఖం వాడిపోయింది. నేను చక్రాలు తోసుకుంటూ బయటికెళ్ళాను. ఆసామి చూపు నా కుర్చీ మీద పడింది.

"నాకు తెలీదు బాబూ" అన్నాడు.

"పర్లేదు, మోటారు దించండి. సూత్తాను" అన్నాను.

దెబ్బ తగిలాక, నా కాళ్ళ సంగతి కన్నా ముందు నా పనిని బట్టి నన్ను తెలుసుకున్న మొదటి మనిషి అతనే. ఆ సంతోషంలో చేతులు చకచకా ఆడాయి. బేరింగు పోయింది, మార్చాను. ఆ మధ్యాహ్నం అతను మాతోనే కూర్చుని చేపల పులుసుతో అన్నం తిన్నాడు.