నిద్రపురుగు, దొంగపురుగు

కపిలేశ్వరపురానికి ఎదురుగా, గోదావరి మధ్యలో ఒక లంక ఉండేది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని సాగుతున్న రోజులవి. లంకలోని మగవాళ్లు చాలామంది రాళ్లు మోయడానికి వెళ్లారు. వీరవేణి భర్త అప్పన్న వెళ్లలేదు. గాలాలు వేసి చేపలు పట్టేవాడు. అతని తండ్రీ అదే పని చేశాడు. ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ విత్తనం చేతపట్టలేదు.

వరద తీశాక లంక ఏటా మారిపోయేది. నీళ్లు కొంత నేలను తీసుకుపోయేవి, కొంత కొత్తగా పెట్టి వెళ్లేవి. అందుకని జనం ప్రతి ఏడూ నేలను మళ్లీ పంచుకునేవారు. ఒక్కో భాగాన్ని చెక్క అనేవారు. ఆ ఏడు మనుషులు తక్కువై, నీటి అంచున ఒక చెక్క మిగిలింది. వీరవేణి అడిగింది. వరద నెలల్లో గాలం పనిచేయదని, చేప నిలవ ఉండదని, గింజ ఉంటుందని చెప్పింది. పెద్దలు సరేనన్నారు. షరతు మాత్రం అందరికీ ఉన్నదే. ముక్కోటి నాటికి పైరు నిలబడని చెక్క పక్క చెక్కలో కలిసిపోతుంది.

పక్క చెక్క రామ్మూర్తిది. పాత రైతు, మర్యాదస్తుడు. ఆ చెక్క కలిస్తే తన గొడ్లకు నీటిదాకా దారి వస్తుందని ఆయన అందరి ముందే అన్నాడు. చేపలు పట్టేవాళ్లకు నేల అచ్చిరావడం తాను చూడలేదని కూడా అన్నాడు.

ఆమె మొక్కజొన్న వేసింది. చేపలిచ్చి తెచ్చుకున్న పొత్తుల గుత్తులు రెండు పొయ్యి మీద పొగలో వేలాడుతుంటే, వాటిలో ఒకటి వలిచి నాటింది. ఒండ్రులో మొలకలు చక్కగా వచ్చాయి. ఆకు విప్పిన కొద్ది రోజులకే, తెల్లవారి చూస్తే, నేలకు ఆనించి కోసినట్టు పడి ఉన్నాయి. ఇవాళ ఒక సాలు, రేపు ఇంకో సాలు. చివరికి చెక్క బోడిగా మిగిలింది.

దొంగపురుగు పని అన్నారు లంకలో. అది అందరికీ తెలిసిన పురుగే. నల్లగా, నిగనిగలాడుతూ, పొడుగు కాళ్లతో ఉంటుంది. పడిన మొలక పక్కన మట్టిగడ్డ ఎత్తితే చటుక్కున పరుగెత్తుతుంది. తప్పు చేయకపోతే పరుగెందుకని వాళ్ల లెక్క. అదే గడ్డ కింద ఇంకోటి కూడా ఉంటుంది. మట్టిరంగు పురుగు, మెత్తగా, చుట్టగా చుట్టుకుని పడుకుంటుంది. ముట్టుకున్నా కదలదు. దాని పేరు నిద్రపురుగు. దాన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. అప్పన్నలాంటివాళ్లు గాలానికి గుచ్చేవారు.

వీరవేణి కూడా అందరిలాగే దొంగల్ని ఏరి నీళ్లకుండలో వేసింది. నిద్రపురుగుల్ని ఏరి ఎర ముంతలో దాచింది.

ఒకరోజు తొందరలో ఒక దొంగ ఎరతో పాటు ముంతలో పడింది. ఆమె చూసుకోలేదు. మర్నాడు అప్పన్న పడవ దగ్గర ముంత వంచి, మట్టి కెలికి, ఇంటికి తిరిగి వచ్చాడు.

"పురుగులేవే?"

"ముంతలోనే ఉండాలి."

"నీ దొంగ తప్ప లోపల ఎవడూ లేడు. దీన్ని గాలానికి కడితే చేప నవ్వుద్ది."

ఆమె ముంత తీసుకుని చూసింది. మూతి ఇరుకు, పైన గుడ్డ కట్టి ఉంది. మెత్తటి పురుగులు పాకి పోయే దారి లేదు. మట్టిలో రెండు మూడు ఖాళీ తోళ్లు దొరికాయి. దొంగ ముంత అడుగున కూర్చుని ఉంది. పొట్ట ఉబ్బి, రెక్కల డిప్పలు దాటి బయటికి వచ్చింది. వేలితో తాకితే ఈసారి పరుగెత్తలేకపోయింది.

అప్పన్న వేరే ఎర వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆమె అక్కడే కూర్చుంది. తిన్నది ఇదే అయితే, దీనికి మొలకలతో పనేమిటి? మొలకల దగ్గరికి ఎందుకు వస్తుంది?

తెలుసుకోవాలంటే మొలకలు కావాలి. మొలకలు కావాలంటే రెండో గుత్తి ముట్టుకోవాలి. లంకలో ఎవరూ విత్తనం బదులిచ్చే స్థితిలో లేరు. ఆమె చాలాసేపు ఆలోచించింది. గుత్తిలో చిన్న పొత్తు ఒకటి విప్పి, దాని కొసన ఉన్న గింజలు తీసి, మూడు పిడతల్లో నాటింది.

మొలకలు ఆకు విప్పాక, ఒక పిడతలో నిద్రపురుగును, ఒకదానిలో దొంగను వేసింది. మూడోదానిలో రెంటినీ వేసింది. పైన మూకుళ్లు పెట్టింది. మూకుడు పెడితే లోపల చీకటి. పగలే రాత్రి అవుతుంది. వంట మధ్యలో లేచి మూకుడు కాస్త పక్కకు జరిపి చూసేది. అన్నం అడుగంటిందని అప్పన్న విసుక్కున్నాడు.

సాయంత్రానికి మొదటి పిడతలో మొలకలన్నీ పడిపోయాయి. ఆమె మూకుడు తీసినప్పుడు నిద్రపురుగు మేలుకునే ఉంది. ఒక కాడను చుట్టుకుని నములుతోంది. వెలుతురు తగలగానే వదిలి, చుట్టుకుని, ఎప్పటిలా పడుకుంది. రెండో పిడతలో మొలకలు అలాగే ఉన్నాయి. దొంగ ఆకలితో గోడ వెంట తిరుగుతోంది. మూడోదానిలో ఒక మొలక పడింది, మిగిలినవి నిలిచాయి. నిద్రపురుగు లేదు. తోలు ఉంది.

ఆమె అప్పన్నను పిలిచి చూపించింది. అతను మూడింటినీ మార్చి మార్చి చూశాడు.

"అయితే మనం కుండలో ముంచినవి?"

"కాపలావాళ్లని."

ఆ రోజు నుంచి అప్పన్న ఎరకోసం చెక్క అంతా తవ్వి, నిద్రపురుగుల్ని తనే ఏరుకున్నాడు.

వీరవేణికి ఇప్పుడు దొంగలు కావాలి. చెక్కలో లేవు. తనే చంపింది. వెతికితే గట్టు మీద రెల్లుదుబ్బుల మొదట్లో, కుళ్లిన ఆకు కింద దొరికాయి. రామ్మూర్తి చెక్కకూ ఆమె చెక్కకూ మధ్య ఉన్న గట్టు అది. ఏటా నాట్లకు ముందు గట్ల మీది రెల్లు తగలబెట్టడం ఆనవాయితీ. ఆ ఏడు మనుషులు లేక ఆలస్యమైంది. ఆమె దొంగల్ని పట్టుకుంటూ ఉండగానే రామ్మూర్తి నిప్పు పట్టుకుని వచ్చాడు.

ఆమె లేచి నిలబడి, రెల్లు ఉంచమని అడిగింది. పిడతల సంగతి చెప్పింది. ఆయన ఓపికగా విన్నాడు, నమ్మలేదు.

"రెల్లుంటే ఎలకలు చేరతాయమ్మా."

"ఎలకలకి గింజ కావాలండి. నా దగ్గర ఇంకా పండలేదు కదండి."

ఆయన నవ్వాడు. ముక్కోటి దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఈ గట్టుతో పనే ఉండదేమో అని కూడా అన్నాడు. నిప్పు మట్టిలో పొడిచి ఆర్పి వెళ్లాడు.

వీరవేణి మిగిలిన గుత్తి అంతా నాటింది. సాళ్ల మధ్య కుళ్లిన రెల్లాకు పలచగా పరిచి, పట్టిన దొంగల్ని దాని కిందికి వదిలింది. పగలు వాటికి నీడ ఉండాలని ఆమె ఉద్దేశం. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద ఆగేవారు. దొంగలకు పందిరి వేశావు, పెళ్లెప్పుడని అడిగేవారు. ముహూర్తం ముక్కోటికి అని ఆమె చెప్పేది. నవ్వి వెళ్లిపోయేవారు. ఆమె మాత్రం వంగి ఆకు ఎత్తి చూసేది. కొన్ని పారిపోయాయి. కొన్ని ఉన్నాయి. మొలకలు కొన్ని పడ్డాయి. ఒక మూల, ఆకు చాలక పరచని చోట, ఎక్కువ పడ్డాయి. అది కూడా ఆమె గమనించింది.

ముక్కోటి నాడు రామ్మూర్తి స్నానం చేసి, తడి అంగవస్త్రంతో వచ్చాడు. ఇంకో ఇద్దరు పెద్దలు వెంట ఉన్నారు. చెక్క చుట్టూ తిరిగారు. పైరు మోకాలి ఎత్తు ఉంది. సందులు లేకపోలేదు. మూలన నేల బోడిగా కనిపిస్తూనే ఉంది. ఒక పెద్ద ఆ మూల చూపించి, ఇది నిలబడినట్టేనా అన్నాడు. అప్పన్న నీళ్లవైపు చూస్తున్నాడు. వీరవేణి రామ్మూర్తి వైపు చూస్తోంది.

ఆయన గట్టు దగ్గరి సాలులో వంగి ఒక మొక్కను పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకోటి లాగాడు. చెయ్యి దులుపుకున్నాడు.

"నిలబడిందండి. చెక్క వీళ్లదే," అన్నాడు పెద్దలతో.

వాళ్లు వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. నీ మొగుడు పురుగులన్నీ తవ్వి ఏరేశాడుగా, నీ దొంగల గొప్పేముంది అన్నాడు. అది కూడా ఉందని ఆమె ఒప్పుకుంది. ఏరడం అంతటా ఒకటే అయినా, ఆకు పరచని మూల ఏమైందో, పరిచిన చోట ఏమైందో మాత్రం వేలితో చూపించింది. ఆయన అటు చూశాడు. గొడ్లను పాత దారినే తోలుకుంటానని, వచ్చే ఏడు తన చెక్క ఎక్కడ వచ్చినా గట్టు మీద రెల్లు ఉంచి చూస్తానని అన్నాడు. తర్వాత వంగి ఆకు ఎత్తాడు. నల్లటి పురుగు పరుగెత్తింది. గట్టు మీది పిట్ట ఒకటి దిగి, దాన్ని ముక్కున పట్టుకుని ఎగిరిపోయింది.

"ఇదేటమ్మా? నీ కాపలావాణ్ణి తినేవాడు కూడా ఉన్నాడే. వీడు మనవాడా, పగవాడా?"

వీరవేణి పిట్ట వెళ్లిన వైపే చూస్తోంది.

"ఆయ్. అదింకా చూళ్లేదండి," అంది.