రజాయిలో పడుకున్న పిండి

మొన్న ఢిల్లీ ద్వారకలోని మా ఇంట్లో కోడలు ఫోన్ మీద వేలు ఆనించిన కాసేపటికే ఇడ్లీపిండి పొట్లం గుమ్మంలోకి వచ్చింది. అది చూసి మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఎందుకో నాకొక్కడికే తెలుసు.

తొంభైల మొదట్లో, ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చి మునిర్కాలో ఒక గది తీసుకున్నాం. మాది కులం దాటిన రిజిస్టరు పెళ్లి కావడంతో, ఆరాలు తీస్తారని తెలుగువాళ్లకు నేనే దూరంగా ఉండేవాణ్ణి. మా ఆవిడకు హిందీ రాదు, పగలంతా గదిలో ఒక్కతే. జనవరి చలికి రెండు రోజులైనా ఇడ్లీపిండి పొంగకపోతే నేను సూక్ష్మజీవుల మీద ఉపన్యాసం అందుకున్నాను. ఆవిడ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకెందుకు, దీనికి చెప్పండి! పొంగకపోతే ఆదివారం నన్ను విజయవాడ బండెక్కించండి."

ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక ఉపన్యాసం కట్టిపెట్టి గిన్నెకు మూతపెట్టాను.

మర్నాడు సంతలో ఎవరో, "భయ్యా, ఏ బైంగన్ హై కి బండరాయి హై?" అని వంకాయలవాణ్ణి దబాయిస్తుంటే, ఆ తెలుగు మాట విని మా ఆవిడ పరుగున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుందట. ఆమె కంటోన్మెంటులో ఉండే సుబేదారుగారి భార్య, శ్రీకాకుళం మనిషి. ఆ సాయంత్రమే భర్త స్కూటరు మీద, స్టీలు గిన్నెలో గరిటెడు పులిసిన పిండితో మా గదికి వచ్చింది.

"ఇది కలిపి రజాయిలో పడుకోబెట్టమ్మా. తమ్ముడు ఒక్క రాత్రి చలికి ఓర్చుకుంటాడులే!"

మాకున్నది ఒకే రజాయి, దూది కుక్కిన బొంత. అది పిండికిచ్చి మేం దుప్పటితో సరిపెట్టుకున్నాం. తెల్లారేసరికి పిండి మూత తోసుకుని రజాయంతా పొంగి పారింది, ఢిల్లీ వచ్చాక మా ఆవిడ పకపకా నవ్వడం అదే మొదలు. విజయవాడ బండి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ గరిటెడు పిండి సుబేదారుగారింటికి ఒక నిజామాబాదు నర్సు ఇంటినుంచి వచ్చింది. మా ఇంటినుంచి పక్క సందులో దిగిన కడప దంపతులకు వెళ్లింది. సహపంక్తి భోజనాల కోసం ఊళ్లో వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఇక్కడ గరిటె అందించిన చెయ్యి గాని, అందుకున్న చెయ్యి గాని మా కులం అడగనే లేదు.

ఇప్పుడు ఢిల్లీలో ఎక్కడ చూసినా తెలుగు మాటే వినిపిస్తుంది, కార్తీకంలో వనభోజనాలకు మాత్రం కులానికో పార్కు. చదువుకున్నవాళ్ల సిగ్గులేనితనం ఇది. పిలిచినా నేను వెళ్లను. ఇక పొట్లం పిండికి చలీ లేదు, రజాయీ అక్కర్లేదు, పొరుగిల్లు అసలే అక్కర్లేదు.

మా ఆవిడ మాత్రం ఆ పొట్లంలోంచి గరిటెడు తీసి స్టీలు గిన్నెలో మూతపెట్టింది. ఎవరికని అడిగితే, ఎవరైనా తలుపు కొడితే ఇవ్వొద్దూ, అంది.