కంప్యూటర్ అడగని ప్రశ్న

1994, చెరుకు ఆడే క్రషింగ్ సీజన్. బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్‌ని. ఎడ్లబండ్ల నుంచి చెరుకు దించడానికి యంత్రం రావడంతో యార్డు కార్మికులకు పని లేకుండా పోయింది. చక్కెర వండే పాన్ దగ్గర పని నేర్చుకుని, పరీక్షలో నెగ్గినవాళ్లనే ఉంచుకుంటామన్నారు మేనేజరు.

నేర్పడానికి ఎక్స్‌పర్ట్ సిస్టమ్ తెప్పించారు. నిపుణుడి తెలివిని నియమాలుగా రాసుకుని, ప్రశ్నలడిగి సలహా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాము అది. కృత్రిమ మేధ అన్న మాట నేను మొదట విన్నది అప్పుడే. మా నిపుణుడు పాన్ మిస్త్రీ యాదగిరన్న. పాన్ అంటే చెరుకు పాకాన్ని మరిగించి చక్కెర పలుకు కట్టించే పెద్ద పాత్ర. వేళ్ల మధ్య పాకం తీగ సాగగానే సీడ్, అంటే మెత్తటి చక్కెర పొడి, వదలాలి. పదునుకు రాకముందే వదిలితే అది కరిగిపోతుంది. నెల రోజులు యాదగిరన్న వెంటపడి అన్నీ రాసుకుని ప్రోగ్రాములోకి ఎక్కించాను. ఇక రాయాల్సిందేమీ లేదని మురిసిపోయాను కూడా.

పరీక్ష రోజు యార్డు కార్మికుడు సాయన్న వంతు వచ్చింది. నలభై అయిదేళ్ల మనిషి, బడికి పోయే పిల్లలిద్దరు, ఈ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. తీగ సాగింది. స్క్రీన్ సీడ్ వదలమంది. అతను వదల్లేదు. నాకు ఒళ్లు మండింది. స్క్రీన్ కనబడటం లేదా అని కసురుకున్నాను.

"కనబడ్తుంది సార్. గీ చెరుకు కొట్టి నాలుగు దినాలైంది, యార్డులనే ఎండింది. ఎండిన చెరుకు రసం ఊరికెనే జిగట సాగుతది. ఇరవై ఏండ్ల సంది నా చేతులకు అంటుకుంటనే ఉన్నది. ఇంక జర మరగనియ్యాలె."

నేను వినకుండా కాగితం మీద ఫెయిల్ అని రాసేశాను. పక్క పాన్ దగ్గర అదే చెరుకు పాకానికి ఇంకొకతను స్క్రీన్ మాట విన్నాడు. సీడ్ అంతా కరిగిపోయింది. సాయన్న మరికాసేపు ఆగి వదిలాడు. గాజు పలక మీద చుక్క వేసి చూస్తే పలుకు చక్కగా నిలిచింది.

ఈ సంగతి నాకెందుకు చెప్పలేదని యాదగిరన్నను నిలదీశాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"గది సుత పనేనా సార్? డ్యూటీకి యార్డుల నుంచే కద వస్త. చెరుకు దిక్కు ఒకసారి సూసుకుంటొస్త."

నేను రాసుకున్నవన్నీ ఆయన పాన్ ముందు నిలబడ్డాక చేసే పనులే. దారిలో చూసి వచ్చేది ఆయనకే పనిగా తోచలేదు, ఇక నాకేం తెలుస్తుంది? చెరుకు కొట్టి ఎన్ని రోజులైందన్న ప్రశ్నను ప్రోగ్రాములో అన్నిటికంటే ముందు చేర్చాం.

కాగితం మీద ఫెయిల్ కొట్టేసి పాస్ అని రాస్తుంటే సిగ్గేసింది. చెరుకు దించే యంత్రం వచ్చిన రోజే సాయన్న ఇరవై ఏళ్ల పనితనం అక్కరకు రాకుండా పోయిందనుకుని నేను పాఠం మొదలుపెట్టాను. ఆ పనితనమే అతని ఉద్యోగం నిలబెట్టింది. తర్వాత ఎంతమందికి శిక్షణ ఇచ్చినా, ముందు వాళ్ల పాత పని గురించి వాళ్లతోనే చెప్పించుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.