కొత్త ఓడలో కూడు పిలుపు

అప్పట్లో నేను పోర్టుబ్లెయిరు ఆసుపత్రిలో నర్సును. అక్కడ నయం కాని రోగులను ఓడలో విశాఖపట్నం తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో అప్పగించాలి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. సముద్రం పడదని ఒకరు, చంటిపిల్ల ఉందని ఒకరు తప్పుకునేవారు. నాకు పెళ్లి కాలేదు, ఓడ ఎక్కితే కడుపులో తిప్పదు. అందుకని పిలుపు నాకే వచ్చేది. రోగిని అప్పగించి, పాతపట్నం దగ్గర మా ఊరికి పోయి ఓ వారం ఉండి, మళ్లీ ఓడ ఎక్కేదాన్ని. అలా మూడేళ్లలో ఆ సముద్రం అటూ ఇటూ ఎన్నిసార్లు దాటానో నాకే గుర్తు లేదు.

అన్నిసార్లూ ఒకే ఓడ. ముసలి ఓడ. డెక్కు మీద చాప పరుచుకుంటే చాలు, పక్కన శ్రీకాకుళం, ఆ పక్కన విజయనగరం, ఎదురుగా కొత్తవలస. అందరూ కూలిపనులకు పోయేవాళ్లే. వేళకు వంటవాళ్లు బకెట్లతో అన్నం, పప్పు పట్టుకొచ్చి, కూర్చున్నచోటే వడ్డించేవారు. ఇంజను మసి మొహాల మీద పడేది. ఎవరో ఒకరు వాంతి చేసుకుంటూనే ఉండేవారు. నేను నర్సునని తెలిసి జ్వరమని, కురుపని చెయ్యి చాపేవారు. ఆ మూడు రోజులూ నాకు కూర్చునే తీరిక ఉండేది కాదు. ఓడ అంటే అదేననుకున్నాను.

అరవైల దశకం ఇంకొంచెంలో అయిపోతుందనగా కొత్త ఓడ వచ్చింది. ఆ ఏడు మా వైపు నక్సలైట్ల కోసం పోలీసులు బస్సులను దారిలో ఆపి సంచులు వెతికే రోజులు. పాతపట్నం నుంచి మా అన్న నన్ను దిగబెట్టడానికి వస్తుంటే రెండుచోట్ల దింపి నా ట్రంకుపెట్టె విప్పించారు. అమ్మ కట్టిన చింతపండు మూటను కూడా చేత్తో కెలికి చూశారు. అక్కడి నుంచి మొదలైంది నాకు చిరాకు. విశాఖపట్నం రేవులో ఓడ ముందు నిలబడేసరికి మా అన్న చిరాకంతా మరిచిపోయాడు.

"ఒసే, ఇది ఓడేటే? ఎన్ని అంతస్తులున్నాయో సూడు. తెల్లగా, సున్నమేసిన మేడలాగున్నాది."

"మేడైతే నువ్వూ రా," అన్నాను.

"నానేటి సేస్తానే అక్కడ? నువ్వు దొరసానివి, నువ్వెల్లు," అని నవ్వి, ట్రంకుపెట్టె కూలీకి ఇవ్వకుండా తనే నెత్తినెత్తుకుని నిచ్చెన మెట్ల దాకా తెచ్చాడు.

డెక్కు మీద చాప వేసుకునే ఏర్పాటు ఈ ఓడలో లేదు. కింద అరల్లా పేర్చిన బంకులున్నాయి, పైన క్యాబిన్లు. బంకులన్నీ నిండిపోవడంతో మా ఆసుపత్రి ఆఫీసువాళ్లు నాకు క్యాబిను టిక్కెట్టు తీసి ఇచ్చారు. జీవితంలో మొదటిసారి నా పడకకు ఒక తాళంచెవి, దానికో అంకె ఉన్న బిళ్ల. లోపల రెండు పరుపులు, గోడకు అద్దం, గుండ్రటి కిటికీ. పైకప్పులోని చిన్న చిల్లుల్లోంచి చల్లగాలి, ఇంకో చిల్లులోంచి సన్నగా వాయిద్యాల సంగీతం వచ్చేవి. స్నానాలగదిలో కొళాయి తిప్పితే వేడినీళ్లు. అబద్ధం ఎందుకు, ఆ వేడినీళ్లు నాకు చాలా నచ్చాయి. సాయంత్రం లోపల రెండుసార్లు స్నానం చేశాను.

ఆ తరువాత ఏం చెయ్యాలో తెలియలేదు.

రెండో పరుపు మీద విజయనగరం నుంచి వచ్చిన ఒక ఆఫీసరుగారి భార్య ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద. తెల్లగా ఇస్త్రీ చేసిన చీర, పక్కన అరడజను వారపత్రికలు. "మీరేం చేస్తుంటారండీ?" అని మర్యాదగా అడిగి, నేను చెప్పింది మర్యాదగా విని, పత్రిక తెరిచింది. నేనూ మంచం మీద కూర్చున్నాను. లేచాను. కిటికీలోంచి చూశాను. అద్దం బిగించి ఉంది, తెరుచుకోదు. సముద్రం కదులుతోంది కానీ చప్పుడు లేదు. మళ్లీ కూర్చున్నాను.

"ఒంట్లో బాగాలేదా?" అంది ఆవిడ.

"బాగానే ఉందండీ," అని బయటికి వచ్చేశాను.

ఓడంతా తిరిగాను. నడవల నిండా ఎర్ర తివాచీ, రెండు పక్కలా ఒకే రకం తలుపులు. ఎటు నుంచి వచ్చానో మరిచిపోయి నా గది ముందు నుంచే మూడుసార్లు పోయాను. ఒకచోట సోఫాలు వేసిన పెద్ద హాలు, మధ్యలో నున్నటి చెక్కనేల. అది నాట్యం చెయ్యడానికని ఒక పనివాడు చెప్పాడు. పై డెక్కు మీద ఈతకొట్టే తొట్టి. చుట్టూ అంత సముద్రం పెట్టుకుని మళ్లీ తొట్టిలో సముద్రపు నీళ్లే నింపారు. నలుగురు కుర్రాళ్లు అందులో దూకుతున్నారు, గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని పడుకున్నారు. అందరూ హాయిగా ఉన్నారు. నాకే హాయి చేతకాలేదు. రోగి లేడు, థర్మామీటరు తియ్యాల్సిన పని లేదు, ఎవరూ పిలవరు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

కిందికి పోదామని మెట్లు దిగాను. సగం దిగాక ఇనుప జాలీ తలుపు, అక్కడ తెల్లబట్టల కాపలా మనిషి. క్యాబిను వాళ్లు అటు పోకూడదట, బంకు వాళ్లు ఇటు రాకూడదట. పాత ఓడలో నేను ఇంజను గది దాకా పోయి కాలిన చేతులకు కట్లు కట్టొచ్చినదాన్ని. ఆ మాట చెబితే అతను నవ్వి, "ఇది కొత్త ఓడ, సిస్టర్," అన్నాడు హిందీలో.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఆ మెట్ల దగ్గరికే పోయాను. అంతకుముందే మా భోజనాల గదిలో పళ్లేనికి అటూ ఇటూ నాలుగు చెంచాలు పెట్టిన బల్ల ముందు కూర్చుని, ఏది దేనికో తెలియక, రొట్టె మాత్రం తిని లేచాను. జాలీ అవతల మెట్టు మీద నడివయసు మనిషి ఒకామె కూర్చుని ఉంది. ముక్కుకు అటూ ఇటూ పుడకలు, చేతిలో ఖాళీ ఇత్తడి గిన్నె. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఓ సెల్లా, నువ్వు తెలుగమ్మాయివేనా? ఈ ఓడలో కూడెప్పుడెడతారమ్మా?"

"భోజనాలు అవుతున్నాయి కదా. మీరు తినలేదా?"

"ఏటి తింటాం? నిన్నట్నుంచి అటుకులే నముల్తన్నాం. బకెట్లొస్తాయి, కూకోండని మా మేస్త్రీ సెప్పినాడు. కూకున్నాం. బకెట్టూ నేదు, గరిటీ నేదు."

ఆమెది శృంగవరపుకోట వైపు. భర్తతో కలిసి రోడ్డు పనికి పోతోంది, ఓడ ఎక్కడం ఇదే మొదలు. కింద మా జిల్లాల వాళ్లు రెండొందల మంది దాకా ఉన్నారట. మేస్త్రీ నాలాగే పాత ఓడ మనిషి. వేరే భాషల వాళ్లు పళ్లేలు పట్టుకుని ఎటో పోతుంటే, వాళ్లు కూడుకు విడిగా టిక్కెట్టు కొనుక్కున్నారేమో అనుకున్నారు వీళ్లు.

నేను పరుగున పర్సరు గదికి పోయాను. ప్రయాణికుల బాగోగులు చూసే అధికారి ఆయన. లావుపాటి మనిషి, రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా వచ్చీరాని హిందీలో సంగతి చెప్పాను.

"ప్రతి పూటా మూడుసార్లు మైకులో చెబుతున్నాం. ఎర్ర చీటీ వాళ్లు ముందు, నీలం చీటీ వాళ్లు తరువాత. చీటీలు ఎక్కేటప్పుడే ఇచ్చాం."

"ఏ భాషలో చెబుతున్నారు?"

"హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ."

"వాళ్లకు ఆ మూడూ రావు."

ఆయన విసుక్కుంటాడనుకున్నాను. లేచి, నన్ను పక్కగదికి తీసుకుపోయి, బల్ల మీద ఉన్న మైకు నా ముందుకు జరిపాడు. "అయితే మీరే చెప్పండి."

అంతవరకు నేను మైకు ముట్టుకుని ఎరగను. గొంతు సవరించుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాను.

"ప్రయాణికులకు మనవి. ఎరుపు రంగు చీటీలు గలవారు వెంటనే భోజనశాలకు దయచేయవలసినదిగా కోరుచున్నాము."

నా గొంతు ఓడంతా తిరిగి మళ్లీ నాకే వినబడింది. పదినిమిషాలు చూశాం. కింద భోజనాల గదికి మా వాళ్లు ఒక్కరూ రాలేదు. పర్సరు చేతులు చాపి, "చూశారా?" అన్నట్టు నావైపు తిరిగాడు. నేను జాలీ దగ్గరికి పరుగెత్తాను. ఆమె అక్కడే ఉంది.

"వినబడలేదా మీకు?"

"ఏటి? ఎవలో రేడియోలో వార్తలు సదివినారు. ఆ వార్తలు మనకేటి?"

వెనక్కి వస్తుంటే మొహం మండింది. నర్సు చదువుకు విశాఖపట్నం హాస్టల్లో చేరిన కొత్తలో నేను నోరు విప్పి "ఏటి" అనగానే గదిలో అమ్మాయిలంతా పకపకా నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి నేను "ఏమిటండీ" నేర్చేసుకున్నాను. ఎంత బాగా నేర్చానంటే, సెలవులకు ఇంటికి పోతే మా అమ్మ, "ఎవులింటికొచ్చినావే?" అని అడిగింది. ఆ తరువాత ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట. పెదవులకు అలవాటైపోయింది.

ఈసారి మైకు ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాను.

"ఓ మావా, ఓ అప్పా, ఓలమ్మా, ఇనండి! ఈ ఓడలోకి బకెట్లు రావు. మీరే ఎల్లాల. ఎర్ర సీటీ ఉన్నోలంతా పళ్లేలట్టుకుని కిందకి దిగండి, ఎడం సేతి పక్క తలుపు. వేడివేడిగా కూడెడతన్నారు. నీలం సీటీలోలు కంగారు పడకండి, వొంతు తరవాతొస్తాది. బేగి రండి, సల్లారిపోద్ది!"

తరువాత ఎక్కడో కింద నుంచి పెద్ద నవ్వు, ఆపైన అడుగుల చప్పుడు. పళ్లేలు, గిన్నెలు, చెంబులు మోగుతున్నాయి. పర్సరు కిందికి తొంగి చూసి, వంటవాళ్లను కేకేశాడు. ఇంకో డేగిశా పొయ్యి మీదికి ఎక్కించాల్సి వచ్చింది.

నా గదికి పోయాను. ఆవిడ పత్రిక దించింది.

"విన్నారా? ఎవరో మోటు మనిషిని పట్టుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. సంత అనుకున్నారో ఏమో. కొత్త ఓడ అని పేరే గానీ, మర్యాద తెలిసినవాళ్లు ఉండొద్దూ?"

అది నేనేనని చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, "అవునండీ," అన్నాను. అనేసి, అద్దం ముందు నిలబడి జడ విప్పి, అవసరం లేకపోయినా మళ్లీ అల్లుకున్నాను. పాయలు తప్పాయి. ఆకలితో ఉన్న మనుషుల్ని పిలిచాను, అందులో తప్పేముంది? తప్పు లేనప్పుడు ఎందుకు దాచాను? గదిలో ఉండలేక మళ్లీ బయటపడ్డాను. హాలు, తొట్టి, నడవ, మళ్లీ హాలు. నా మీద నాకే కోపం, ఆవిడ మీదా కోపం, మధ్యలో ఆ చల్లగాలి మీద కూడా.

సాయంత్రం భోజనాల వేళకు పర్సరు మనిషిని పంపాడు. నేను లేచి చెప్పులు వేసుకుని, తలుపు దాకా పోయి ఆగాను.

"ఇందాక మైకులో మాట్లాడింది నేనేనండీ. మళ్లీ పిలుస్తున్నారు, వెళ్తున్నాను. మాది పాతపట్నం వైపు, మేం అలాగే మాట్లాడతాం."

ఆవిడ ఏదో అంటుందని నిలబడ్డాను. ఆవిడ నావైపు చూసి, "ఓహో," అంది. అని పేజీ తిప్పింది. అంతే. దానికోసం నేను మధ్యాహ్నమంతా ఓడ చుట్టూ తిరిగాను.

ఆ పూట నుంచి దిగేవరకు మా వాళ్లకు కూడు పిలుపు నాదే. తాగునీళ్ల కొళాయి ఎక్కడుందో, పాయిఖానా గొలుసు ఎలా లాగాలో కూడా చెప్పించారు. ఆ రెండోది చెబుతున్నప్పుడు పర్సరుకు భాష తెలియకపోయినా నవ్వాగలేదు. కాపలా మనిషి జాలీ తలుపు తీసి నన్ను కిందికి పోనిచ్చాడు. శృంగవరపుకోట మనిషి నాకు తన బంకు మీద చోటిచ్చి, కొంగు మూటలోంచి వేయించిన వేరుశెనగలు పెట్టింది.

"నీకు పైన మెత్తటి మంచం ఉన్నాదట కదా, ఇక్కడేటి సేస్తన్నావమ్మా?"

"పైన తోచట్లేదు."

"తోసకపోడమేటి? తొంగో. నాకా మంచమిస్తే దిగేదాకా లెగను."

ఆమె మాటకు నవ్వాను గానీ, గంట గడిచేసరికి ఆ బంకుల్లో నాకూ ఊపిరాడలేదు. చెమట, బీడీపొగ, వాంతుల వాసన. పాత ఓడలో వీటినే గాలి ఎటో పట్టుకుపోయేది. నా చల్లటి గది, నా వేడినీళ్లు గుర్తొచ్చాయి. సిగ్గేసింది, అయినా పైకి పోయాను. పైకి పోయిన అరగంటకు మళ్లీ కిందికి వచ్చాను. మూడో రోజంతా అలాగే మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

పోర్టుబ్లెయిరులో దిగేటప్పుడు పర్సరు నా చేతికి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చాడు. రోజూ చెప్పే మాటలు రాసిస్తే, తరువాత ప్రయాణంలో ఎవరిచేతనైనా చదివిస్తానన్నాడు. రేవు గోడ మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాను. "ఓ మావా" అన్న మాటను తెలుగు అక్షరాల్లో రాయడం అదే మొదటిసారి. రాసి చూసుకుంటే ఏదో తప్పు రాసినట్టే అనిపించింది. కొట్టేశాను. మళ్లీ రాశాను. ఈలోపు శృంగవరపుకోట మనిషి మూట నెత్తిన పెట్టుకుని, భర్త వెనక నడుస్తూ నన్ను దాటింది.

"ఎల్తన్నాం నర్సమ్మా. మాకు జొరమొస్తే నీ కాడికే వస్తాం."

"రాండి. ఇక్కడాసుపత్రికొచ్చి ఎవల్ని అడిగినా సెప్తారు," అన్నాను.

కాగితం పూర్తిచేసి పర్సరుకు ఇచ్చేసి, నా పెట్టె నేనే ఎత్తుకున్నాను. మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉంది.